ఖతర్‌ను చూసిన పోశెట్టన్న

పోశెట్టన్న పోయాడు. దోహాలోని వెస్ట్ బే సైటులో మమ్మల్ని దింపి, ఇండస్ట్రియల్ ఏరియాలో మేముండే క్యాంప్‌కు తిరిగివెళ్ళి, బస్సు కడుగుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. ఆసుపత్రికి చేరేలోగానే అంతా అయిపోయింది. కబురు వచ్చేసరికి నేను సైటులో హెల్మెట్లు తనిఖీ చేస్తున్నాను. "సేఫ్టీ ఆఫీసరువి, నువ్వే బెల్టు పెట్టుకోకపోతే ఎట్ల సారూ?" అని పొద్దున్నే నన్ను ఆటపట్టించిన మనిషి మధ్యాహ్నానికి లేడంటే బుద్ధి ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

సంతాప సందేశాలు వచ్చాయి. "పొట్టకూటికై ఎడారికి వెళ్ళి అసువులు బాసిన అభాగ్యుడు" అని ఎవరో రాశారు. చదివి నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. పోశెట్టన్న అభాగ్యుడు కాడు. నాకు తెలిసిన ధీరోదాత్తుల్లో అతడొకడు. ఆ మాట నలుగురికీ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అతనిది జగిత్యాల వైపు పల్లె. పడుచుతనంలో ఖతర్ వచ్చి, తొలుత సిమెంటు బస్తాలు మోసి, తరవాత డ్రైవింగ్ నేర్చుకుని కంపెనీ బస్సు పట్టాడు. ఏళ్ళ తరబడి అతనికి తెలిసిన ఖతర్ అంతా క్యాంప్, సైటు, వాటి మధ్య రోడ్డు. ఆ రోడ్డు పక్కనే ఒకనాడు గోధుమరంగు బోర్డు కనబడింది.

"సారూ, ఆ బోర్డు మీద కోట బొమ్మ ఉన్నది. ఏం కోట అది?" అని అడిగాడు.

"జుబారా కోట అన్నా. ఉత్తరాన సముద్రపొడ్డున ఉందంట. టూరిస్టులు వెళ్తుంటారు."

"మనం గాదా టూరిస్టులం? మనమూ ఇమానమెక్కే వచ్చినం గద!"

బస్సంతా నవ్వింది. అతను నవ్వలేదు. ఆ సాయంత్రమే క్యాంప్ బాస్ దగ్గరికి వెళ్ళి, శుక్రవారం, మా సెలవు రోజున, బస్సు కావాలన్నాడు. నేనూ తోడు వెళ్ళాను.

"క్యా దేఖ్నా హై? సబ్ రేత్ హీ తో హై," అన్నాడు బాస్. చూడటానికేముంది, అంతా ఇసుకే కదా అని.

"రేత్ రోజ్ ఢోతే హై సాబ్. ఏక్ దిన్ దేఖ్నే జాయేంగే," అన్నాడు పోశెట్టన్న. ఇసుకను రోజూ మోస్తూనే ఉన్నాం, ఒక్కరోజు చూడటానికి పోతాం.

బాస్ మాఫీ అన్నాడు, అంటే లేదు పొమ్మని. మరుసటి వారం మళ్ళీ వెళ్ళాడు. ఆపై వారం మళ్ళీ. "డ్యూటీకి తిరిగితే అరగని టైర్లు, చుట్టీ నాడు తిరిగితే అరుగుతయా?" అని నిలదీశాడు. అతని మొండితనానికి విసిగో, ముచ్చటపడో, చివరికి బాస్ తాళంచెవులు వదిలాడు.

మొదటి ప్రయాణం జుబారాకు కాదు, దోహాకు నైరుతిన ఉన్న పాడే ఇసుక దిబ్బలకు. బస్సును గట్టినేల మీద ఆపి నడిచాం. నెలవంకలా వంగిన ఆ దిబ్బ నెత్తికెక్కి, పోశెట్టన్న కూర్చున్నచోటి నుంచే జారాడు. ఇసుక అతనితోపాటు జారుతూ గంభీరంగా మోగింది, దూరాన విమానం పోతున్నట్టు. మా వాళ్ళంతా వరసగా జారారు. వారమంతా పరంజాల మీద బిగుసుకుపోయిన దేహాలు ఆ దిబ్బ మీద దొర్లి దొర్లి నవ్వాయి. తాపీమేస్త్రీ సాయిలు కిందికొచ్చి వగరుస్తూ, "పోశెట్టన్నా, గీ దేశంల నేను గిట్ల నవ్వుడు గిదే మొదలు," అన్నాడు.

అన్ని శుక్రవారాలూ అంత సుఖంగా గడవలేదు. ఒకసారి ఒక సముద్రతీరం దగ్గర కాపలావాడు మా బస్సును ఆపేశాడు. ఇవాళ ఫ్యామిలీలకే ప్రవేశం, బ్యాచిలర్లు వెళ్ళకూడదన్నాడు. ఒంటరిగా ఉంటే చాలు, తాత అయినవాడు కూడా అక్కడ బ్యాచిలరే. పోశెట్టన్న ఫోను తీసి భార్య నర్సవ్వ, ఇద్దరు కూతుళ్ళు ఉన్న ఫొటో అతని ముందు పెట్టాడు.

"ఏ మేరా ఫ్యామిలీ హై. తేరా కహాఁ హై భాయ్?"

ఇదిగో నా ఫ్యామిలీ, మరి నీదెక్కడ అని. ఆ నేపాలీ కాపలావాడి ముఖం చిన్నబోయింది. అతని ఫ్యామిలీ కూడా కొండల్లో ఎక్కడో ఉంది. కానీ గేటు తీసే అధికారం అతనిది కాదు. మా వాళ్ళు తలలు వంచుకుని బస్సెక్కుతుంటే పోశెట్టన్న గొంతు ఖంగుమంది.

"తలకాయలు లేపుండ్రి! గేటు లేని సముద్రం సుత ఉన్నది. యల్లా, నడువుండ్రి!"

నేరుగా అల్ ఖోర్ దగ్గరి మడ అడవులకు తీసుకువెళ్ళాడు. ఉప్పునీటిలో పచ్చగా నిలిచిన ఆ చెట్ల నడుమ మోకాలి లోతున నడిచాం. అవతల గులాబిరంగు రాజహంసలు మేస్తున్నాయి. ఎవరూ మమ్మల్ని ఎవరని అడగలేదు.

జుబారా కోటకు శీతాకాలంలో వెళ్ళాం. పగడపురాతి గోడల కింద మనవలతో వచ్చిన ఒక ఖతరీ వృద్ధుడు, పోశెట్టన్న వచ్చీరాని అరబ్బీ విని నవ్వి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తన తాత ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడని, నెలల తరబడి పడవలోనే ఉండేవాడని, ఆడవాళ్ళు ఒడ్డున ఎదురుచూసేవారని చెప్పాడు. పోశెట్టన్న తిరుగుప్రయాణంలో మాతో అన్నాడు: "ఈ దేశం సుత ఇల్లిడిసిపెట్టి పోయినోళ్ళే కట్టింది. మనం పరాయోళ్ళమెట్లయితం?"

అతని పార్థివదేహం ఊరు చేరాక నర్సవ్వతో ఫోనులో మాట్లాడాను. ఓదార్పు మాటలు కూడగట్టుకుని చేశాను గానీ, ఆమెకు అవి అవసరం పడలేదు.

"ఈడ అందరు దుబాయ్‌ల సచ్చిపోయిండు అంటున్నరు సారూ. దుబాయ్ గాదు, ఖతర్ అని చెప్తున్న. ప్రతి శుక్రారం వీడియోలు పంపెటోడు, కోటలు, పక్షులు, అన్ని. నా పెనిమిటి సూసిన దేశం పేరన్న సక్కగ అనుండ్రి అంటున్న."

ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే ఆ మాట ఇంకోసారి అంది.

ఆ తరవాతి శుక్రవారం బస్సు ఉండదనుకున్నాను. పొద్దున్నే మెట్లు దిగివస్తే మా వాళ్ళంతా స్నానాలు చేసి, ఉతికిన చొక్కాలు తొడుక్కుని సీట్లలో కూర్చుని ఉన్నారు. క్యాంప్ బాస్ దూరంగా నిలబడి చూస్తున్నాడే తప్ప ఆపలేదు. స్టీరింగ్ ముందు కడప నుంచి వచ్చిన కొత్త డ్రైవరు.

"యాడికి పోవల్లనా?" అని వెనక్కి తిరిగి అడిగాడు.

ఎవరూ పలకలేదు. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న మాలో ఎవరికీ ఎదురుపడలేదు. ఏ వారం ఎటు వెళ్ళాలో అతనే అనుకునేవాడు, మేం ఎక్కి కూర్చునేవాళ్ళం. అతని స్థానం పూరించగలవారెవరూ మాలో లేరని, ఆ నిశ్శబ్దంలో అందరికీ ఒక్కసారే తెలిసింది.

వెనక సీటులోంచి సాయిలు లేచి నిలబడ్డాడు.

"ముందుగాల బండి తియ్యి అన్నా," అన్నాడు. "తొవ్వల చెప్తం."