కొండ పరుగులో బిర్యానీ కుర్చీ

డునెడిన్ ఊరి ఆసుపత్రిలో వార్డు చూసుకునే చార్జ్ నర్సుగా నా చివరి ఏడాది, మార్చి నెలలో, కొండ పరుగుకు నన్ను ప్రథమ చికిత్స ఇన్‌చార్జిగా వేశారు. నా స్థానం శిఖరం మీది చెక్‌పాయింట్. అక్కడ నేను వద్దంటే ఎంతటి వీరుడైనా వ్యాన్ ఎక్కాల్సిందే.

ఈ పరుగు పుట్టుక ఘనమైనదేమీ కాదు. కాలిన్, బ్రూస్ అనే బావా బావమరుదులు కొండెక్కి దిగడంలో ఎవరు గొప్పో తేల్చుకుందామని ఒక వేసవిలో పందెం వేసుకున్నారట. ఏటేటా జనం చేరి అది ఊరి పండగైంది. గెలుపు మాత్రం ఎప్పుడూ బ్రూస్‌దే. ఇప్పుడిద్దరూ డెబ్బై దాటారు. మరుసటి వారమే మా వార్డులో కాలిన్‌కు మోకాలి మార్పిడి. బావను ఓడించడానికి ఇదే ఆఖరి అవకాశమని పొద్దున్నే నా చెవిన వేశాడు. జాలేసింది.

అక్కడే నీళ్ల బల్ల మా చర్చికొచ్చే సుగుణ వదినకు అప్పగించారు. గ్లాసు అందిస్తే చాలన్నారు నిర్వాహకులు. వదిన వింటేనా! చికెన్ బిర్యానీ గిన్నె, మడత కుర్చీ మోయించుకొచ్చింది.

"కొండెక్కి వచ్చినోళ్లని ఉత్త నీళ్లతో పంపుతామా? మన పరువేం కాను?" అంది.

కుర్రకారు గ్లాసు లాక్కుని పారిపోయారు. బ్రూస్ దొరికిపోయాడు. "సిట్ అంకుల్, సిట్!" అంటూ వదిన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది. ఆ వాసనకు ఆయనా లొంగిపోయాడు.

చెక్‌పాయింట్‌లో కూర్చున్నవారిని నాడి, రక్తపోటు, ఒంటి వేడి చూడకుండా వదలకూడదు. చలికి సొమ్మసిల్లబోయే మనిషి మొదట కూలబడతాడు కనుక ఈ నిబంధన. నేను బీపీ పట్టీ చుట్టేసరికి ఆయన పచ్చిమిరపకాయ కొరికాడు. ముఖం కందిపోయి, చెమటలు పట్టి, నాడి ఎగిరిపడింది. అది దిగేదాకా కదలనివ్వనన్నాను. నాకేం రోగం లేదు, అది మిరపకాయ అని మొత్తుకున్నాడు. 'నాకేం లేదు' అనని రోగిని నేనింతవరకు చూడలేదు.

అప్పుడొచ్చాడు కాలిన్, కుంటుకుంటూ. వదిన ఇంకో ప్లేటు చాచింది. కూర్చుంటే మళ్లీ లేవలేనని నిలబడే దండం పెట్టి, బావను ఒక్కసారి చూసి, కిందికి పరుగందుకున్నాడు. బ్రూస్‌ను వదిలాక ఆయన ఎంత తరిమినా లాభం లేకపోయింది, కాలిన్ ముందే గమ్యం చేరాడు.

బ్రూస్ నిర్వాహకులకు ఫిర్యాదు చేశాడు. నిబంధన ప్రకారమే ఆపానని చెప్పాను. వదిన మాత్రం, "పాపం, ఇంకో ముక్క వెయ్యాల్సింది" అని నొచ్చుకుంది.

ఆపరేషన్ మత్తు వదలగానే కాలిన్ మోకాలి సంగతి అడగలేదు. ఫలితం మార్చారా అన్నాడు. మార్చలేదన్నాను. హాయిగా మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు.

నిబంధనలు రాసేవాళ్లు చలినీ జబ్బునూ ఊహిస్తారు, కొసరి కొసరి వడ్డించేవాళ్లను ఊహించరు. చెక్‌పాయింట్ చేతికొస్తే మందుల పెట్టె కన్నా ముందు కుర్చీలు మడిపించాలని నాకు అప్పుడే తెలిసింది.