మా మేనత్త విప్పని సద్దిమూట

మా మేనత్త పోయిందన్న కబురు మొన్న గురజాల కోర్టు వరండాలో నాకు అందింది. తమ్ముడు కారంపూడి బస్సు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చాడు. తెల్లవారుజామున నిద్రలోనే పోయిందట. దహనానికి సాయంత్రం దాకా నా కోసం ఆగుతారని చెప్పాడు. ఆ రోజు నేను వాదించాల్సిన కేసులో అవతలి పక్షం ప్లీడరు పెద్దమనిషి. వాయిదా అడగండి, నేను అడ్డు చెప్పను అన్నాడు.

వాయిదా అడగడం నాకంత తేలిక కాదు. ఎందుకో మీకు తెలియాలంటే ఆమె సంగతి చెప్పాలి.

ఆమె మా నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే, ఆయన వాటా చేను మరిది కలిపేసుకున్నాడు. దాని మీద దావా వేసి, నా చిన్నతనమంతా మా ఇంటి నుంచే గురజాల కోర్టుకు నడిచింది. కోడి కూయకముందే జొన్న సంగటి ముద్ద, గోంగూర పచ్చడి గుడ్డలో కట్టుకొని బయల్దేరేది. పొద్దుగూకి తిరిగొచ్చేసరికి ఆ మూట కట్టింది కట్టినట్టే ఉండేది. వాయిదా పడిందన్న మాట విన్నాక ముద్ద దిగదనేది. ఆ సంగటి మా గేదె తినేది. ఈ దావాలో బాగుపడింది గేదె ఒక్కటేనని మా నాన్న వేళాకోళం చేసేవాడు. చివరికి మేనత్తే గెలిచింది.

నన్ను మద్రాసు పంపి లా చదివించాలన్నది ఆమె పట్టుదలే. రైలెక్కిన రోజునుంచే ఊరు నన్ను ప్లీడరు గారూ అని పిలవడం మొదలుపెట్టింది. అక్కడ నా అవస్థ ఎవరికి తెలుసు? యుద్ధం రోజులు. కిటికీలకు నల్లకాగితం అంటించిన హాస్టలు గదిలో, ఎప్పుడో పోయిన రోమనుల చట్టాలు, నోరు తిరగని లాటిన్ మాటలు బట్టీ పట్టేవాణ్ణి. పొద్దున్నకి ఒక్కటీ గుర్తుండేది కాదు. క్లాసులో లేపి నిలబెడితే పక్కవాడి పుస్తకం వంక చూసేవాణ్ణి. సెలవలకు ఊరొస్తే ఇంకో బాధ. గట్టు తగాదాల వాళ్ళు అరుగు నిండా కూర్చుని సలహా అడిగేవాళ్ళు. రోములో బానిసకు విడుదల ఎట్లాగో చదివినవాడికి, మా ఊళ్ళో గట్టు జరిపినవాణ్ణి ఏం చెయ్యాలో ఏం తెలుస్తుంది?

మొదటి పరీక్ష తప్పాను. ఇంటికొచ్చి గదిలో తలుపేసుకున్నాను. ఇక చదువు మానేసి మిరపచేలో పడదామనుకున్నాను. అరుగు మీద ఎవరో, ప్లీడరు గారి పరీక్ష ఏమైందని అడిగారు. లోపల నేను తలుపు సందుకు చెవి ఆనించాను.

"వాయిదా పడింది," అంది మేనత్త.

"ఎప్పటికి?"

"దసరా ముందుకంట."

అడిగినాయన తలూపి వెళ్ళిపోయాడు. ఇంటికో దావా ఉన్న ఊరు మాది. వాయిదా పడితే ఓడినట్టు కాదని పసిపిల్లలకు కూడా తెలుసు. సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. నన్ను జాలిగా చూసినవాడు ఒక్కడూ లేడు. తన నోటి ముద్ద లాక్కున్న మాటనే తీసి నాకు అడ్డం పెట్టింది. అంత తెలివి, అంత ప్రేమ ఆమెకే చెల్లింది.

ఆ తర్వాత గదిలోకి వచ్చింది. ఇక చదవనన్నాను.

"నేనెన్ని వాయిదాలకు తిరిగానో చూశావుగా. ఒక్కదానికే నీ కాళ్ళు నొచ్చినయ్యా?"

వెళ్ళాను. తిట్టుకుంటూనే చదివాను, గట్టెక్కాను. నల్లకోటు వేసుకుని ఆమె ముందు నిలబడితే బట్ట వేళ్ళతో నలిపి చూసి, ఎండలో చానా ఉక్కపోస్తదిరా అంది. ఆపైన ఒక్కటే కోరింది.

"సద్ది కట్టుకొని వచ్చినోళ్ళని ఉత్తచేతులతో పంపమాక. నీ అంతట నువ్వు వాయిదా అడగమాక."

ఇన్నాళ్ళూ అడగలేదు. తోటి ప్లీడర్లు నవ్వుతారు. నాకు మాత్రం అది గర్వమే. ఆమె మేనల్లుణ్ణని చెప్పుకోవడం అంతకన్నా గర్వం.

మొన్న ఆ వరండాలో నా కక్షిదారు, ఒక ముసలమ్మ, ఒళ్ళో మూట పెట్టుకుని నా వంక చూస్తోంది. రెంటచింతల అవతలనుంచి నడిచొచ్చింది. నా కళ్ళు నిండాయి. తమ్ముణ్ణి కూర్చోమని లోపలికి వెళ్ళి, సిద్ధంగా ఉన్నామండీ అన్నాను. మధ్యాహ్నానికి విచారణ ముగిసింది.

బస్సుకు పరిగెత్తబోతూ, ఇక రానక్కర్లేదమ్మా, నీ కేసు విచారణ అయిపోయింది అని ముసలమ్మతో చెప్పాను. స్తంభానికి ఆనుకుని కూర్చుని మూట ముడి విప్పింది. బస్సు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఆమె తింటూనే ఉంది.