గేటు దాకా వచ్చిన మనిషి

మా వంట బాబాయ్ పోయాడు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున, నేను ఆఫీసులో వీసా కాగితాలు సర్దుకుంటుంటే ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మామయ్య పోయాడు. వంకాయలు తరుగుతా తరుగుతా పక్కకి ఒరిగిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది" అన్నాడు. ఆ క్షణంలో నా బుర్రలో మెదిలిన మొదటి ఆలోచన చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రెండు వారాల్లో సింగపూర్ ట్రిప్పు ఉంది, వంటకి ఎవరిని చూడాలి అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. వచ్చాక మాత్రం ఆగలేదు.

ఆయన నాకు చుట్టం కాదు. విజయవాడలో నాదొక చిన్న టూర్ల ఆఫీసు. కాశీ, రామేశ్వరాలతో మొదలుపెట్టి సింగపూర్, మలేషియాల దాకా ఎగబాకాం. మనవాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. ఏ దేశమైనా సంబరంగా విమానం ఎక్కుతారు, రెండో పూటకల్లా పప్పూ చారూ కనపడకపోతే మొహాలు వేలాడేస్తారు. అందుకే మా ఊరి టూర్లలో జనంతో పాటు వంటమనిషి కూడా విమానం ఎక్కుతాడు. ఆ వంటమనిషి ఆయన. పెళ్ళిళ్ళలో గాడిపొయ్యిల దగ్గర ముప్పై ఏళ్ళు వండి, అరవై దగ్గరపడ్డాక మొదటిసారి పాస్‌పోర్టు తీయించుకున్నాడు. ఇది చదువుతున్న మీలో కొందరు మాతో వచ్చే ఉంటారు, ఆయన చేతి పులిహోర తినే ఉంటారు. ఆయన మొహం గుర్తుందా అని మాత్రం మిమ్మల్ని అడగను. వడ్డించే చేతిని తప్ప మనిషిని చూసే అలవాటు మనకి తక్కువ.

ట్రిప్పుకి వారం ముందు నుంచీ ఆయన హడావుడి మొదలయ్యేది. వన్ టౌన్‌లో కొట్టు కొట్టూ తిరిగి చింతపండు చేత్తో పిసికి, వాసన చూసి, నచ్చకపోతే మొహమాటం లేకుండా తిరిగి ఇచ్చేసేవాడు. పులిహోర గుజ్జు భవానీపురంలో తన ఇంట్లోనే ఉడికించి, చల్లార్చి డబ్బాలకెత్తి, మూతల చుట్టూ టేపు చుట్టి తెచ్చేవాడు. ఎయిర్‌పోర్టులో ఆ డబ్బాల బరువు చూసినప్పుడల్లా నేను విసుక్కునేవాడిని. "బట్టలు తగ్గించుకున్నాను బాబూ, గుజ్జు తగ్గిస్తే ఎట్టా?" అనేవాడు. నిజంగానే ఆయన సంచిలో రెండు జతల బట్టలు, ఒక మంగళగిరి తుండు, అట్లకాడ ఉండేవి.

ప్యాసింజర్ల పేర్లు ఆయనకి ఎప్పుడూ గుర్తుండేవి కావు. తిండిని బట్టే మనుషుల్ని గుర్తుపెట్టుకునేవాడు. "చక్కెర అమ్మగారికి చపాతీ పంపారా? కారం వద్దన్న సారు కిందకి దిగారా?" అని అడిగేవాడు. బెంగళూరు వెళ్ళినా బ్యాంకాక్ వెళ్ళినా అందరూ తిని చేతులు కడుక్కున్నాకే, గోడకి ఆనుకుని నిలబడి, ఒక గ్లాసు మజ్జిగ తాగి, ఆ తర్వాత కంచం పెట్టుకునేవాడు. ముందు తినమంటే "వండినవాడు ముందు తింటే వడ్డించేటప్పుడు చెయ్యి బరువెక్కుద్ది" అనేవాడు. అది ఆయన సొంత సిద్ధాంతం. ఇంకెవరి నోటా నేను వినలేదు.

సింగపూర్‌లో ఒక పెద్ద థీమ్ పార్కు ఉంది. మా టూరులో నాలుగో రోజు దానికే. పొద్దున వెళ్తే సాయంత్రం దాకా అక్కడే. బయటి తిండి లోపలికి రానివ్వరు. అందుకని మా పద్ధతి ఒకటి ఉంది. బాబాయ్ తెల్లవారుజామునే లేచి, హోటల్ వాళ్ళు వంటగదిలో ఇచ్చిన మూలలో పులిహోర, పెరుగన్నం చేసి పొట్లాలు కట్టేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి జనమంతా చేతి మీద స్టాంపు వేయించుకుని గేటు బయటికి వచ్చేవారు. అక్కడ చెట్ల కింద బెంచీల దగ్గర ఆయన పొట్లాలు పంచేవాడు. తిని, చేతులు తుడుచుకుని, స్టాంపు చూపించి వాళ్ళు మళ్ళీ లోపలికి వెళ్ళిపోయేవారు. ఆయన ఖాళీ డబ్బాలతో బస్సు దగ్గరికి వెళ్ళేవాడు. ఆ పార్కుకి మేం పదకొండు సార్లు వెళ్ళాం. పదకొండు సార్లూ నేను లోపలికి వెళ్ళాను. ఆయన గేటు దాకా వచ్చాడు.

సాయంత్రం హోటల్లో ఉప్మానో ఇడ్లీయో వడ్డిస్తూ ఒక్కొక్కరినీ అడిగేవాడు. "ఏమేం చూశారండీ? బాగుందా అండీ?" జనం ఊరుకుంటారా! మాట్లాడే బొమ్మల గురించి ఒకరు, ఊరేగింపు గురించి ఒకరు చేతులు ఊపుతూ చెప్పేవారు. ఆయన గరిటె పట్టుకుని కదలకుండా వినేవాడు. వెనకాల లైను ఆగిపోయేది. "బాబాయ్, వడ్డించు ముందు" అని నేను అరిచేవాడిని. అదంతా కస్టమర్లతో మర్యాద అనుకున్నాను. వ్యాపారంలో పడ్డాక నా కంటికి ప్రతిదీ వ్యాపారంలానే కనిపిస్తుంది.

నాలుగు నెలల కిందటి ట్రిప్పు సంగతి ఇప్పుడు చెప్పాలి. దానికోసమే ఇదంతా రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడకి జ్వరం తగిలి హోటల్లోనే ఉండిపోయారు. ఒక టికెట్ మిగిలింది. నాకు నిజంగానే సంతోషం వేసి, బస్సు ఎక్కబోతున్న బాబాయ్ చేతిలో పెట్టాను. "ఈసారి నువ్వు కూడా లోపలికి వస్తున్నావు" అన్నాను. ఆయన టికెట్‌ని రెండు వేళ్ళతో అంచు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. "నిజంగానా బాబూ? మరి పడవ కూడా ఎక్కుతానా?" అని అడిగాడు. అక్కడ పడవలో కూర్చోబెట్టి ఒక కొండ లోపలికి తీసుకెళ్తారు. దాని గురించి ఆయనకంత తెలుసని నాకు అప్పుడే తెలిసింది. "ఒక్క నిమిషం" అని హోటల్లోకి పరిగెత్తి, తల తడుపుకుని దువ్వుకుని, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. దాన్ని దేనికోసం దాచుకుని తెచ్చాడో మరి.

గేటు దగ్గర అందరితో పాటు లైన్లో నిలబడ్డాడు. గేటు దగ్గరే పాకం వాసన వస్తూ ఉంటుంది, లోపల పేలాలకి చక్కెర పాకం పట్టిస్తారు. ఆయన తల ఎత్తి ఆ వాసన పీల్చి, పక్కనున్న చక్కెర అమ్మగారితో "పాకం ఒక్క పిసరు ముదిరిందండీ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన ముందు ఇంక ముగ్గురే ఉన్నారు.

అప్పుడు ఒక ప్యాసింజర్ నా భుజం తట్టి, "ఏమండీ, మరి ఒంటిగంటకి భోజనాలు ఎవరు తెస్తారు? మా అమ్మ టైముకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి" అన్నాడు. డబ్బాలన్నీ బస్సులో ఉన్నాయి. బస్సు ఎక్కడో దూరంగా పెడతారు, నాలుగైదు సార్లు తిరిగి అవన్నీ గేటు దాకా మోసుకురావడానికే పొద్దంతా పడుతుంది. నలభై మంది భోజనం సంగతి నేను మర్చిపోయాను. బాబాయ్ కూడా ఆ సంబరంలో, జీవితంలో ఒకే ఒక్కసారి, భోజనం సంగతి మర్చిపోయాడు.

"బాబాయ్, నువ్వు ఇటు రా" అని పిలిచాను.

ఆయన లైన్లోంచి బయటికి వచ్చి, టికెట్ నా చేతిలో పెట్టాడు. "ఇంకెవరికన్నా పనికొస్తదేమో చూడండి బాబూ. పాడవకుండా" అన్నాడు. "వచ్చే ట్రిప్పుకి ఖాయం బాబాయ్, నాది పూచీ" అన్నాను. "అట్టాగే. ఏముంది, పార్కు ఎక్కడికీ పోదుగా" అన్నాడు.

పార్కు ఎక్కడికీ పోలేదు.

ఇందులో ఒక మాట నేను ఎవరితోనూ అనలేదు, మా ఆవిడతో కూడా. నేను ఉండిపోవచ్చు కదా! అప్పటికే పదిసార్లు చూసినవాడిని. డబ్బాలు మోయడానికి, పొట్లాలు పంచడానికి నాకు చేతులు లేవా? లేవని కాదు, నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆయన వండేవాడు, నేను నడిపించేవాడిని, అంతే. ఆ టికెట్ నా జేబులోనే ఉండి నలిగిపోయింది.

ఒంటిగంటకి ఆయన ఆ తెల్ల చొక్కాతోనే పొట్లాలు పంచాడు. ఒక పొట్లం ఊడిపోయి కుడిచేతి కఫ్ మీద పులిహోర నూనె పడింది. కుళాయి దగ్గర సబ్బుతో చాలాసేపు రుద్దాడు. పసుపు కదా, పోతుందా? చెయ్యి మడిచి, మరక లోపలికి వెళ్ళేలా కఫ్ మడతపెట్టుకున్నాడు. నేను చూశాను. చూసి లోపలికి వెళ్ళిపోయాను.

సాయంత్రం మామూలుగానే అందర్నీ అడిగాడు. ఆ రోజు నన్ను కూడా అడిగాడు. "పడవ ఆ కొండలోకి పోయినాక లోపల ఎట్టా ఉంటది బాబూ?" నేను మర్నాటి బస్సు గురించి ఎవరితోనో ఫోన్‌లో ఉన్నాను. ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండానే, "ఏముంటుంది బాబాయ్, చీకటి" అన్నాను. "చీకటా" అని తల ఊపి, గరిటె తీసుకుని వెళ్ళిపోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఒక్కడినే భవానీపురం వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. గోడ మీద ఫోటో పాస్‌పోర్టు కోసం దిగిందే, పెద్దది చేయించారు. అందులో ఆయన, ఎవరో అధికారి ఊపిరి బిగపట్టమంటే బిగపట్టినట్టు చూస్తున్నాడు. పిన్ని, అంటే ఆయన భార్య, మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మోకాళ్ళు అరిగిపోయి ఆవిడ వీధి గుమ్మం దాటి చాలా కాలమైంది. నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటుంటే ఆవిడే నా చెయ్యి పట్టుకుంది.

"మీ రుణం తీర్చుకోలేం బాబూ" అంది. "ఇంకెవరైనా అయితే వంటవాడిని వంటవాడిలాగే చూసేవాళ్ళు. మీరు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారంటగా. టికెట్ ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని మరీ చూపించారంటగా."



ఆవిడ చెప్పుకుంటూ పోయింది. మాట్లాడే బొమ్మ ఆయన్ని తెలుగులో పలకరించబోయి ఆగిందట. ఊరేగింపులో రంగు కాగితాలు తలమీద పడ్డాయట. పడవ కిందకి జారేటప్పుడు నీళ్ళు బ్యారేజీ గేట్లు ఎత్తినట్టు పైకి లేచాయట. ప్రతి ముక్కా ఎవరు చెప్పిందో నాకు తెలుస్తూనే ఉంది. బొమ్మ సంగతి ఒక ట్రిప్పులో మాతో వచ్చిన బ్యాంకు మేనేజరుగారిది. రంగు కాగితాలు చక్కెర అమ్మగారివి. ఎన్నో ట్రిప్పుల నుంచి గరిటె పట్టుకుని ఒక్కొక్కటీ ఏరుకుని, అతికి, కదల్లేని మనిషికి తెచ్చి పెట్టాడు. "గుమ్మంలోనే పాకం వాసన కొడతదంట, ఒక్క పిసరు ముదిరిందంట" అంది ఆవిడ. అదొక్కటే ఆయన సొంతం. నన్ను మాత్రం మంచివాడిని చేసి అందులో పెట్టుకున్నాడు.

"ఒక్కటే చెప్పలేదు బాబూ" అంది పిన్ని. "పడవ కొండలోకి పోయినాక చీకటి అన్నాడు. ఆ చీకట్లో ఏమైందయ్యా అంటే నవ్వేసి ఊరుకునేవాడు. ఎన్నిసార్లు అడిగినా అంతే. భయపడ్డాడేమో, నాతో చెప్పడానికి నామోషీ. మీరు పక్కనే ఉన్నారుగా. చెప్పండి, ఏమైంది?"

నేను చెప్పలేదు గనక ఆయనకి తెలియదు. ఆ మాట ఆవిడతో ఎలా అనను?

చెప్పాను. నాలుగు నెలల కిందట ఫోన్ పక్కన పెట్టి ఆయనకి చెప్పాల్సిందంతా ఆవిడకి చెప్పాను. లోపల చల్లగా ఉంటుందని, ముందు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడదని, కాసేపటికి గోడల మీద పచ్చటి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయని చెప్పాను. పడవ మెల్లగా పైకెక్కి, పైన ఒక్క క్షణం ఆగుతుందని, అక్కడ అందరూ పక్కవాడి చెయ్యి వెతుక్కుంటారని చెప్పాను.

"భయపడ్డాడా?"

"లేదు పిన్నీ. నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. కిందకి జారుతుంటే చిన్నపిల్లాడిలా అరిచాడు. పైనుంచి కింద దాకా తడిసిపోయాం."

ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. నిదానంగా వంగి, తలగడ పక్కనున్న బట్టల మూటలోంచి తెల్ల చొక్కా తీసి నా ఒళ్ళో పెట్టింది. ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. ఆవిడ కుడిచేతి కఫ్ మడత విప్పి, వేలితో తడుముతూ చూపించింది.

"ఆ రోజుదేగా ఇది. అన్ని నీళ్ళు మీద పడ్డా ఈ పసుపు పోలేదు చూడండి."