మనవాళ్లు కోయని పళ్లు

తోబీయాస్ బాబాయి చనిపోయిన ఏడాది, యోర్లెనీ తన తల్లిని, మా అడీలియా పిన్నిని, కొండ మీది ఇంటి నుంచి దించి ఊళ్లో తన దగ్గరకు తెచ్చుకుంది. యోర్లెనీ బళ్లో టీచరు. ఇంట్లో నున్నటి పలకల నేల, తిప్పితే వేడినీళ్లు వచ్చే కుళాయి, వీధివైపు వరండాలో ఊగుడు కుర్చీ.

“ఇక కూర్చోమ్మా. చేసింది చాలు,” అంది.

అడీలియా పిన్నికి చేతకాని పని ఈ లోకంలో ఏదైనా ఉందంటే అది కూర్చోవడమే. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది. ఉతికి ఆరేసిన దుప్పట్లు తీసి మళ్లీ నానబెట్టేది. పక్కింటి కోళ్లకు అడక్కుండా మేత వేసి వాళ్ల చేత మాట పడింది. సాయంత్రమైతే మా కొట్టుకు వచ్చి, నేను సర్దిన సబ్బుల్ని తన పద్ధతిలో సర్దేది.

“కాళ్లకు చక్రాలున్నాయా పిన్నీ?” అన్నాను ఒకరోజు.

“కాళ్లు కాదే. ఈ చేతులు. వీటికి ఏం తోచట్లేదు.”

ఆ చేతులకు ఆరేళ్లప్పుడే కాఫీ పళ్లు అలవాటయ్యాయి. మా కొండల్లో అప్పట్లో పళ్లు ఎర్రబడితే బడి మూసేసేవాళ్లు. తల్లీ తండ్రీ పిల్లలూ అందరూ నడుముకు బుట్టలు కట్టుకుని తెల్లారేసరికి చెట్ల వరసల్లో ఉండేవాళ్లు. కోతంటే మాకు తిరనాళ్లే. పాటలు, పోట్లాటలు, పెళ్లిచూపులు కూడా అక్కడే. పక్క వరసలో కోస్తున్న తోబీయాస్ ఓ పూట దొంగచాటుగా తన పళ్లు దోసిళ్లతో తెచ్చి పిన్ని బుట్టలో పోశాడట. “ఆకులతో సహా పోశావేం, కళ్లు కనపడవా?” అని తిట్టిందట ఈవిడ. మరుసటి ఏడే పెళ్లయింది.

ఆ రోజులు పోయాయి. మా పిల్లలు హైస్కూళ్లకు వెళ్లారు, బ్యాంకుల్లో, హోటళ్లలో చేరారు. ఇప్పుడు మా ఊరి కుర్రాణ్ణి కోతకు రమ్మంటే బూతు విన్నట్టు చూస్తాడు. యోర్లెనీ కొడుకు జాఫెత్ చదువు ముగించి పనిలేక సోఫాలో పడుకునేవాడు. ఓ రోజు అన్నం దగ్గర పిన్ని అడిగింది:

“కొండ మీద మనుషులు దొరక్క పళ్లు రాలిపోతున్నాయట. వెళ్లకూడదట్రా?”

“అవ్వా, అది ‘నీకా’ల పని! నా ఫ్రెండ్స్ చూస్తే నేనింక బతకాలా?”

నికరాగువా నుంచి సరిహద్దు దాటి కోతకు వచ్చేవాళ్లను మావాళ్లు ‘నీకా’లంటారు, అదేదో రోగం పేరన్నట్టు. యోర్లెనీ పళ్లెంలోంచి తలెత్తకుండా, “వాణ్ణి వదిలెయ్యమ్మా,” అంది.

కోతలు మొదలయ్యాయి. కూలీల లారీలు పొద్దున్నే వరండా ముందు నుంచే పోయేవి. వాటిని చూడకుండా ఉండటానికి పిన్ని కుర్చీని గోడవైపు తిప్పుకుంది. అయినా చప్పుడు వినపడేది. చివరికి ఒక ఉదయం చర్చికి వెళ్తున్నానని కూతురికి చెప్పి మా కొట్టుకు వచ్చింది. నా చేత పాత బుట్ట ఒకటి కిందకు దింపించి, గడ్డిటోపీ కళ్ల మీదికి లాక్కుని లారీ ఎక్కేసింది. తనను ఎరిగినవాళ్లెవరూ లేని తోటకు, కొండకు అవతలి వైపు.

లారీలో పక్కన కూర్చున్న సొకోర్రో అనే ఆవిడ పైనుంచి కిందకు చూసింది.

“ఏం పెద్దమ్మా, దారి తప్పావా? ఇది ఆస్పత్రికి పోదు.”

“కోతకే.”

“అబ్బో! మీవాళ్లు కొయ్యం అన్నాకేగా మేం నది దాటింది. ఇప్పుడు మా నోటికాడ కూడు లాగుతావా?”

“నోరు ఆడినంత జోరుగా నీకు చేతులు ఆడతాయా?”

లారీ అంతా గొల్లుమంది. మధ్యాహ్నానికి పిన్ని బుట్ట రెండోసారి నిండటం చూసి సొకోర్రో, అరటాకులో చుట్టిన చిక్కుడుగింజల అన్నంలో సగం ఆమెకు పెట్టింది. తన ఊరు నికరాగువాలో చినాందేగా అని, అక్కడి ఎండకు రాళ్లు కూడా చెమటలు కక్కుతాయని చెప్పింది. ఆవిడ కూతురు హేసెల్ మాత్రం గోళ్లు చూసుకుంటూ కూర్చుంది.

“నేను వచ్చే ఏడు రాను. శాన్ హొసే పట్నంలో ఫోన్ల షాపులో చేరతా,” అంది.

“విన్నావా పెద్దమ్మా? మీ పిల్లల గాలి సోకింది దీనికి.”

“మరి రేపు కోసేదెవరు?”

“ఎవరికి ఆకలైతే వాళ్లు కోస్తారు. మనకెందుకు?” అని చేతులు దులుపుకుంది సొకోర్రో.

అలా పిన్ని రోజూ చర్చికి వెళ్లింది. అంత భక్తి ఏమిటని కూతురికి అనుమానం రాలేదు. తల్లి రాత్రిళ్లు హాయిగా నిద్రపోతోందని సంతోషించింది కూడా.

ఒక మంగళవారం బళ్లోవాళ్లు తోటకు వచ్చారు, కూలీల పిల్లల్ని బడికి పంపమని అడగడానికి. ఇద్దరు టీచర్లు. ఒకరు కొత్తగా చేరిన మారీసెల్, ఇంకొకరు యోర్లెనీ. మారీసెల్ నేరుగా పిన్ని దగ్గరకే వచ్చి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి గట్టిగా అడిగింది.

“అవ్వా! మీ గుడిసెలో… చిన్నపిల్లలు… ఉన్నారా?”

“లేరు తల్లీ. ఒక్కదాన్నే.”

“ఏ ఊరు మీది?”

పిన్ని ఆమె భుజం మీదుగా చూసింది. యోర్లెనీ మొహంలో నెత్తురు చుక్క లేదు. పెదవి కదిలింది కానీ మాట రాలేదు.

“చినాందేగా,” అంది పిన్ని, సొకోర్రోలాగే యాస తీసి.

“పాపం, ఈ వయసులో ఎంత దూరం వచ్చారో!” అని మారీసెల్ పిల్లల కోసం తెచ్చిన బిస్కెట్ల పొట్లం ఒకటి ఆమె చేతిలో పెట్టింది. యోర్లెనీ అప్పటికే వెనక్కి తిరిగి, బురదలో జారుతూ దిగువకు నడుస్తోంది.

వాళ్లు కనుమరుగయ్యేదాకా సొకోర్రో ఆగింది.

“నీ కూతురేగా? ఆ ముక్కే చెబుతోంది.”

“ఊఁ.”

“నా కూతురైతే చెంప పగలగొట్టేదాన్ని.”

“నీకూ ఆ రోజు వస్తుందిలే. అప్పుడు చూద్దాం.”

ఆ సాయంత్రం పిన్ని వెళ్లేసరికి యోర్లెనీ వంటింట్లో నిలబడి ఉంది. పొయ్యి వెలిగించలేదు.

“ఎందుకలా చెప్పావు?”

“నీ మొహం చూసి.”

“చెప్పమని నేను అడిగానా?”

“అడగలేదు. కాదనీ అనలేదు.”

యోర్లెనీ ఏడుస్తుందనుకుంది పిన్ని. ఏడవలేదు, అరిచింది. “నాకు ఆ పనంటే అసహ్యం! అప్పుడూ అసహ్యమే. ఆ జిగురుకు వేళ్లు నల్లబడితే హైస్కూల్లో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఏడాదంతా జేబుల్లో చేతులు పెట్టుకుని తిరిగాను. నీకు తెలుసా?”

“నువ్వు… పాటలు పాడేదానివి కదే. అందరికంటే గట్టిగా నువ్వే.”

“చలికి ఏడుపొచ్చి పాడేదాన్నమ్మా. ఏడిస్తే నాన్న తిట్టేవాడు.”

ఈ మాట నాకు పిన్నే చెప్పింది, సర్దిన సబ్బుల్ని మళ్లీ సర్దుతూ. కూతురి మౌనం కంటే ఇదే ఆమెకు ఎక్కువ తగిలింది. తను తిరనాళ్లనుకున్న చోట, ఒక చెట్టు అవతల, తన పిల్ల వణుకుతూ ఉందన్నమాట. అది ఇన్నేళ్లూ తనకు తెలియలేదు.

అయినా మర్నాడు లారీ ఎక్కింది. యోర్లెనీ వద్దనలేదు. అన్నం డబ్బా కట్టి బల్ల మీద పెట్టి, తను బడికి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే టీచర్ల గదిలో, అందరూ వినేలా, “ఆ రోజు నువ్వు బిస్కెట్లిచ్చింది మా అమ్మకే,” అందట యోర్లెనీ. మారీసెల్ పరాచికమనుకుని నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి చెవులదాకా ఎర్రబడింది.

“అయ్యో… మరి ఆ బిస్కెట్లు?”

“తినేసింది. మెత్తబడ్డాయంది.”

కోతలయ్యాక పిన్ని కొండ మీది ఇంటికే వెళ్లిపోయింది. మూణ్ణాళ్లు వాదించి, చివరికి యోర్లెనీయే కారులో దించి, కుళాయికి వేడినీళ్ల మిషను పెట్టించి వచ్చింది. ప్రతి ఆదివారం వెళ్తుంది. కాఫీ తాగుతారు కానీ కాఫీ తోట మాట ఎత్తరు. జాఫెత్‌కు ఇంకా ఉద్యోగం రాలేదు.

మరుసటి ఏడు సొకోర్రో ఒక్కతే వచ్చి పిన్ని ఇంట్లోనే దిగింది. హేసెల్ అన్నంత పనీ చేసింది. తల్లి ఏ పనికి వచ్చిందని అడిగితే, చుట్టాన్ని చూడటానికని షాపులో చెబుతోందట. సొకోర్రో ఈ సంగతి నవ్వుతూనే చెప్పింది. పిన్ని మాత్రం నవ్వలేదు.

మొన్న నేను సరుకు ఇవ్వడానికి పైకి వెళ్లాను. వాన మబ్బు కమ్ముకొస్తోంది. పిన్ని ఇంటి పక్క తోటలో సగం వరసలు అలాగే ఉన్నాయి, పళ్లు రాలి నేలంతా ఎర్రగా ఉంది. తోట యజమాని ఊరూరా తిరుగుతున్నాడట, మనిషి దొరకడం లేదు. పిన్నీ సొకోర్రో ఇద్దరే గబగబా కోస్తున్నారు.

“నీ కొట్టు మధ్యాహ్నం ఖాళీయేగా,” అంది పిన్ని, కొమ్మ వదలకుండానే.

“నాకు నడుం నొప్పి పిన్నీ.”

పిన్ని బుట్ట ఎగదోసుకుని తర్వాతి చెట్టు దగ్గరకు నడిచింది.