పెద్దబాబు ఇంకా రాలేదు

మూడో అంతస్తులో ఉండే ఆవిడని చూస్తే, అలాంటి పుస్తకాలు ఈవిడే రాస్తుందంటే ఎవరూ నమ్మరు. ముక్కు చివర కళ్లజోడు, భుజాన పాత శాలువా, మెట్ల మీద ఎవరెదురైనా పక్కకి తప్పుకుని దారిచ్చే తత్వం. ఆవిడ పుస్తకాల్లో మాత్రం మొదటి ముద్దు అయ్యీ అవగానే చొక్కా గుండీలు ఊడతాయి, తలుపు గడియ పడుతుంది. ఆ తర్వాతేమవుతుందో ఆవిడ మొహమాటం లేకుండా రాస్తుంది. చదివేవాళ్లు దిండు కింద దాచుకుని మరీ చదివి, బయటికొచ్చి ఛీ ఛీ అంటారు. అనరా మరి, మర్యాదస్తులు కదా.

ఆవిడ రాస్తున్నది అయిదుగురు అన్నదమ్ముల వరస. ఒక్కో పుస్తకం ఒక్కడి ప్రేమ. ఏది ముందు చదివినా కథ పూర్తిగా అర్థమవుతుంది, అన్నీ చదివి తీరాలన్న బాదరబందీ లేదు. కానీ ఒక షరతుంది. పాత జంటలు కొత్త పుస్తకంలో ఎక్కడో ఒకచోట కనబడాలి. ఇద్దరూ కలిసి, సుఖంగా కనబడాలి. నిజం చెప్పాలంటే పాఠకురాళ్లు పడకగది అధ్యాయం కన్నా దీనికోసమే కాచుక్కూర్చుంటారు.

మొదటి పుస్తకంలో హీరో పెద్దబాబు. ఆరడుగుల మనిషి, తోటలున్న ఆసామి. పైకి అంతే, లోపలంతా ఆవిడ మొగుడే. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, ఆవిడ చెవిదాకా వచ్చేవాడు. కానీ పెద్దబాబు భార్య మెడవంపులో మొహం పెట్టి మాట్లాడకుండా ఉండిపోయే పద్ధతుందే, ఆమె నవ్వితే గానీ వదలని మొండితనముందే, అదేం ఊహించి రాసింది కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "నా గుట్టంతా రట్టు చేశావు కదే" అని మురిసిపోయేవాడు.

అయిదో పుస్తకం మొదలుపెట్టిన కొత్తలో ఆయన పోయాడు. పని నుంచి ఇంటికొస్తూ బస్సులోనే, గుండెపోటుతో.

ఆవిడ ఏడవలేదు. వచ్చినవాళ్లకి టీ పెట్టింది, కుర్చీలు సర్దింది. కింది వాటాలో ఉండే ఆడపడుచు రోజూ అన్నం గిన్నెతో పైకొచ్చి, "వదినా, ఒక్కసారి ఏడువు, గుండె తేలికవుతుంది" అని బతిమాలేది. "రావట్లేదు, ఏం చెయ్యను" అనేది ఆవిడ. పన్ను పీకేముందు మత్తుసూది వేస్తే దవడ ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉంది. ఆ మొద్దుబారిన ఒంటితోనే పుస్తకం రాసింది. వానలో తడిసిన ఆఖరి తమ్ముడు చిన్నబాబూ, అతని డాక్టరమ్మా ఒకే దుప్పట్లో దూరే అధ్యాయాన్ని కూరగాయలు తరిగినట్టు ఒక్క పొద్దున రాసి పారేసింది. బాగానే వచ్చింది కూడా.

పుస్తకం చదివి ఎడిటరమ్మ ఫోన్ చేసింది.

"మేడమ్, దుప్పటి అధ్యాయం అదిరింది. కానీ పెద్దబాబేడీ?"

"ఉన్నాడుగా, తమ్ముడి పెళ్లి విందులో."

"ఎక్కడండీ? వాళ్లావిడ హాల్లోకి వచ్చినప్పుడు కారు పెట్టడానికి వెళ్లాడన్నారు. ఫొటోల దగ్గర ఫోనొచ్చి బయటికెళ్లాడన్నారు. భోజనాల దగ్గర ఇదిగో వచ్చేస్తున్నాడన్నారు. పుస్తకమే అయిపోయింది, ఆయన మాత్రం రాలేదు."

ఆవిడ కాగితాలు తీసి చూసుకుంది. నిజమే. తను రాసిందే, తనకే తెలియకుండా.

ఎడిటరమ్మ చెడ్డది కాదు, కానీ పని పనే కదా. "సోమవారం ప్రెస్సుకెళ్లాలి మేడమ్. మీ పరిస్థితి నాకు తెలుసు. మీ వల్ల కాకపోతే చెప్పండి, ఆ ఒక్క సన్నివేశం ఇంకెవరిచేతైనా రాయించేస్తాను."

ఆ మాట మాత్రం గుచ్చుకుంది. ముక్కూ మొహం తెలియని మనిషెవరో తన మొగుణ్ణి తన పక్కన కూర్చోబెడతారా? వాళ్లకేం తెలుసని? నేనే రాస్తానని ఫోన్ పెట్టేసింది.

తీరా కూర్చుంటే ఒక్క వాక్యం కదల్లేదు. హాలు తలుపులు బార్లా తీసిపెట్టింది, పెద్దబాబు గుమ్మంలోకి అడుగు పెట్టడే. మధ్యాహ్నం ఆడపడుచు వస్తే అడిగింది.

"పెళ్లిళ్లకి మీ అన్నయ్య ఏం వేసుకునేవాడు? ఎలా వచ్చేవాడు? నాకేమీ గుర్తు రావడం లేదు."

ఆడపడుచు వింతగా చూసింది. "అన్నయ్య వేళకి వచ్చిందెప్పుడు వదినా? ఎవరో లిఫ్టులో ఇరుక్కుపోయారని ఫోనొచ్చేది, పరిగెత్తేవాడు. నా పెళ్లికీ అంతే. నువ్వొక్కదానివే వచ్చి, దార్లో ఉన్నాడు, వచ్చేస్తున్నాడు అని అడిగినవాళ్లందరికీ చెప్పేదానివి. జనం తిని వెళ్లిపోయాక వచ్చేవాడు. అప్పటిదాకా నువ్వు మెతుకు ముట్టేదానివి కాదు. ఎంత తిట్టేవాళ్లమో నిన్ను."

ఆవిడ లేచింది. బల్ల దగ్గరికెళ్లి గబగబా రాసింది. విందు అయిపోయింది, సగం దీపాలు ఆర్పేశారు, పనివాళ్లు కుర్చీలు ఎత్తేస్తున్నారు. పెద్దబాబు అప్పుడొచ్చాడు, చెమటకి చొక్కా వీపుకంటుకుపోయి. తిన్నావా అని అడగలేదు, తినలేదని అతనికి తెలుసు. ఒకే కంచంలో ఇద్దరూ తిన్నారు. బల్ల కింద అతని మోకాలు ఆమె మోకాలికి ఆనుకుంది. పనివాళ్లు చూస్తున్నా ఆమె జరగలేదు.

రాయడం అయ్యాక కలం పక్కన పెట్టింది.

"ఇన్నాళ్లూ నేను ఆయనకోసం ఎదురుచూస్తున్నాను" అంది ఆడపడుచుతో. "ఎప్పట్లాగే ఆలస్యమవుతోందిలే అనుకుంటున్నాను, లోపల్లోపల. అందుకే ఏడుపు రాలేదు."

ఆడపడుచు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంక రాడు కదూ?"

"రాడు వదినా."

ఆవిడ తలూపింది. ఆడపడుచు గిన్నె మూత తీసి, అన్నం కలిపి ముద్ద నోటికందించింది. అది మింగకముందే ఏడుపు మొదలైంది.