కారం గదికి గాలి పెట్టిన రోజు

ఒక ఫ్యాను తప్పు వైపు తిరిగితే ఏమవుతుంది? మహా అయితే చెమట పడుతుందంటారు మీరు. నేనూ అంతే అనుకున్నాను. కానీ నా తాంబూలాల రోజున, ఉదయగిరి నుంచి వచ్చిన మగపెళ్ళివారందరినీ ముక్కులు పట్టుకుని మా ఆత్మకూరు వీధిలోకి పరుగెత్తించింది ఒక ఫ్యానే. దాన్ని అలా బిగించమని దగ్గరుండి చెప్పింది నేనే. చదివి నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఆ రోజు మా వీధి వీధంతా నవ్వింది, నేనూ మా అమ్మా తప్ప.

అప్పట్లో నేను నాయుడుపేట వైపు ఒక మందుల కంపెనీలో, ఇంజెక్షన్లు నింపే గదిలో పనిచేసేదాన్ని. ఆ గదిలోకి వెళ్ళాలంటే తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి బట్ట తొడుక్కోవాలి. గట్టిగా నడవకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, గోక్కోవాలనిపించినా గోక్కోకూడదు. దాన్ని క్లీన్‌రూమ్ అంటారు. వడగట్టిన గాలిని అందులోకి ఎప్పుడూ కాస్త ఎక్కువగా తోస్తుంటారు. అందువల్ల తలుపు తెరిచినా లోపలి గాలి బయటికి పోతుందే తప్ప, బయటి దుమ్ము లోపలికి రాదు. దీని పేరు పాజిటివ్ ప్రెషర్. దీనికి పూర్తిగా తిరగేసింది నెగటివ్ ప్రెషర్. అక్కడ లోపలి గాలిని లాగేస్తూ ఉంటారు, గదిలో ఉన్న ప్రమాదం సందుల్లోంచి బయటపడకుండా. మా కంపెనీలో అలాంటి గదులు వేరే బ్లాకులో ఉండేవి. నేను ఆ వైపు తొంగి కూడా చూడలేదు. నాకు తెలిసిన గదే లోకంలో ఉన్న ఒకే ఒక్క గది అన్నట్టు బతికేదాన్ని.

మా అమ్మ ఇంట్లోనే కారం ఆడించి, ప్యాకెట్లు కట్టి అమ్ముతుంది. మా హాలును ఆనుకుని ఒకప్పుడు గడ్డి వేసుకునే గది ఉంది. మిషను అందులోనే. ఒకసారి ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి గోడల మీద బూజు చూసి, బయటి దుమ్ము కారంలో పడకుండా గదిని బాగుచేయమని చెప్పి వెళ్ళాడు. ఆ మాట ఫోనులో వినగానే నాకు రెక్కలొచ్చాయి. సెలవు పెట్టి ఇంటికొచ్చేశాను.

"గదిలోకి దుమ్ము రాకూడదు, అంతేగదామ్మా? నాకొదిలెయ్."

"దుమ్ము సంగతి సరే పాపా. కారం బయటికొస్తాదేమో చూడు. ఇప్పటికే మిషనేస్తే పక్కింటోళ్ళు తలుపులు మూసుకుంటా ఉండారు."

"అమ్మా! ఇంజెక్షన్ల గదిలో పనిచేసే దాన్ని, కారం గదికి గాలి పెట్టలేనా?"

ఇంజెక్షను మందు గాల్లో లేచి జనం ముక్కుల్లోకి పోదన్న తేడా నాకు ఆ క్షణంలో తోచి ఉంటే ఈ కథే లేదు.

మా ఊళ్ళో ఏసీలు బాగుచేసే మస్తాన్‌ను పిలిపించాను. పెరటి వైపు గోడకు కన్నం పెట్టి పెద్ద ఫ్యానూ, దానికి బయట ఒక ఫిల్టరూ బిగించాడు. హాలు వైపు గోడకు గాజు పలకా, గదిలో ఒత్తిడి ఎంతుందో చూపించే గుండ్రటి మీటరూ పెట్టించాను. ఆ మీటరంటే నాకు ఎంత ముద్దో చెప్పలేను.

"మేడం, గాలి లోపలికి కొట్టాల్నా, బయటికి లాగాల్నా? చెప్తే అట్ట పెడతా. కావాలంటే తిప్పుకునేదానికి స్విచ్ కూడా ఉండాది."

"లోపలికే మస్తానన్నా. పాజిటివ్. ఆలోచించే పనే లేదు."

నిజంగానే ఆలోచించలేదు.

సరిగ్గా అదే వారంలో నాకు తాంబూలాలు. పెళ్ళికొడుకు సుధాకర్‌ది ఉదయగిరి. అక్కడ పశువుల మందుల షాపు నడుపుతాడు. పెళ్ళిచూపుల తర్వాత మేమిద్దరం ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం. నాకు ఆ అబ్బాయి బాగా నచ్చాడు. ఎంత నచ్చాడంటే, షాపులో కూర్చుని గొర్రెల నట్టల మందు గురించి చెబుతున్నా ముచ్చటగా వినేదాన్ని. చిక్కల్లా వాళ్ళ అవ్వతోనే. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. చిన్నప్పటి నుంచీ గొర్రెల మంద కాసిన మనిషి, మంద బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే మందనంతా వెనక్కి తిప్పేసిన మనిషి.

తాంబూలాల ముందురోజు సుధాకర్ ఫోను చేశాడు.

"చూడు, సంగం ఊళ్ళో ఇంకో సంబంధం ఉండాది. వాళ్ళకి కాలవ కింద మాగాణి. అవ్వ మనసు అటే లాగతా ఉండాది. రేపు తట్టలు మార్చుకునేటప్పుడు మీ ఇంట్లో ఎవురూ తుమ్మకుండా చూసుకో, అంతే. మిగతాదంతా నేను చూసుకుంటా."

"తుమ్మడమేగా? అది నాకొదిలెయ్" అన్నాను. ఆ వారంలో నాకొదిలెయ్ అని నేను అన్నది ఇది రెండోసారి.

మరుసటి రోజు వాళ్ళొచ్చారు. కాఫీలయ్యాయి. నేను పట్టుచీర కట్టుకుని, తల వంచుకుని, చాప మీద బుద్ధిగా కూర్చున్నాను. అలాగే కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో! సుధాకర్ వాళ్ళ నాయన గోడకున్న గాజు పలక వైపు చూసి, "అమ్మాయి ఏందో క్లీన్‌రూమ్ పెట్టిందంట గదా, ఇదేనా అది?" అన్నాడు.

వంచిన తల లేచింది. "చూపిస్తాను మామా" అంటూ నేనూ లేచాను. మస్తాన్‌ను పిలిచి, "ఫ్యాను ఒక్కటే కాదన్నా, మిషను కూడా వెయ్. ఉత్త గది ఏం చూస్తారు?" అన్నాను.

అమ్మ నా కొంగు పట్టి లాగింది. "ఈ రోజొద్దు పాపా."

"పోనీలేమ్మే, బిడ్డ ముచ్చట పడతా ఉంటే" అన్నాడు మా నాయన.

మస్తాన్ ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. మిషను మొదలైంది. మీటరులో ముల్లు పైకి లేచింది. గాజు పలకలోంచి మస్తాన్ బొటనవేలు ఎత్తి చూపించాడు. మీటరు చూపిస్తూ నేను పెళ్ళివారికి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. బయటి దుమ్ము రేణువు కూడా లోపలికి రాదని చెప్పాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అందరూ తలలూపారు. అవ్వ మాత్రం ఊపలేదు. నేను మళ్ళీ వచ్చి చాప మీద బుద్ధిమంతురాలినై కూర్చున్నాను.

"రాహుకాలం దగ్గర పడతా ఉండాది, తట్టలు అందుకోండి" అన్నాడు అయ్యవారు. ఇటు మా నాయన, అటు సుధాకర్ వాళ్ళ నాయన తట్టలు ఎత్తారు. సుధాకర్ చిన్నాన్న తుమ్మాడు.

"ఆగండి" అంది అవ్వ. తట్టలు దిగాయి. అందరూ తలా ఒక గుక్క మంచినీళ్ళు తాగి మళ్ళీ ఎత్తారు. ఈసారి మా మేనత్త తుమ్మింది. మళ్ళీ దించారు. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ ఎత్తబోతుంటే అయ్యవారే మంత్రం మధ్యలో, పంచె జారిపోయేంత గట్టిగా తుమ్మాడు.

"అయ్యవారే తుమ్మితే ఇంక ఎవురితో చెప్పుకోవాల?" అంది అవ్వ. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. కోపమేమో అనుకున్నాను. చూస్తే అందరి కళ్ళూ ఎర్రగానే ఉన్నాయి.

అప్పుడు నా చూపు గది తలుపు మీద పడింది. దాని కింది సందులోంచి సన్నటి ఎర్రటి పొడి పొగలా వస్తోంది. లోపలికి తోసిన గాలి ఎటో ఒకటి పోవాలి కదా! బయటి దుమ్మును లోపలికి రానివ్వని నా గది, లోపలి కారాన్ని మాత్రం మా తాంబూలాల మీదికి శ్రద్ధగా తోసేస్తోంది. మీటరులో ముల్లు నిటారుగా నిలబడి ఉంది. మస్తాన్‌కు ఆపమని చెయ్యి ఊపాను. అతను బాగుందన్నాననుకుని మళ్ళీ బొటనవేలు చూపించాడు. ఆ మొత్తం ఇంట్లో తుమ్మని మనిషి అతనొక్కడే.

"నాయనా, అతన్ని కేకెయ్!" అన్నాను. నాయన వెళ్ళి తలుపు తీశాడు. అంతే. లోపల అదిమి పెట్టిన గాలంతా ఒక్కసారిగా ఆయన మొహాన కొట్టింది. హాలంతా దగ్గులు, తుమ్ములు, "అమ్మో" అని కేకలు.

"లేవండి, పెరట్లోకి నడవండి!" అని అవ్వ మందను తోలినట్టు అందరినీ పెరటి వైపు తోలింది.

నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గది గుమ్మం దగ్గరికి పరుగెత్తాను. ఇక్కడ నన్ను తిట్టుకోవడానికి మీకు పూర్తి హక్కు ఉంది. ఆపు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆపితే నేను తప్పు చేసినట్టు కదా! "మస్తానన్నా, తిప్పెయ్! బయటికి లాగు! నెగటివ్!" అని అరిచాను.

మస్తాన్ స్విచ్ తిప్పాడు. ఫ్యాను ఒక్క క్షణం ఆగి, ఎదురు వైపు తిరగడం మొదలుపెట్టింది. లోపలికి వచ్చే గాలి కోసం పెట్టిన ఫిల్టరు, వెనక నుంచి వచ్చిన గాలి దెబ్బకు ఫ్రేములోంచి ఊడి, పెరట్లో వంటవాళ్ళు వడలు వేస్తున్న పొయ్యి పక్కన పడింది. దాని వెనకే గదిలో మిగిలిన కారమంతా పెరట్లోకి కొట్టింది. పెళ్ళివారు అప్పుడే అక్కడికి చేరి హాయిగా గాలి పీల్చుకుంటున్నారు.

ఆ తర్వాత ఎవరు ఎటు పరుగెత్తారో నాకు గుర్తు లేదు. నాకు తెలివొచ్చేసరికి అందరం వీధిలో ఉన్నాం. అమ్మ ఒక్కతే ఇంట్లో ఉండి మెయిన్ ఆపేసింది. అనంతసాగరం పోయే షేర్ ఆటో ఒకటి మమ్మల్ని చూసి ఆగింది.

"ఏందన్నా, ఎవురన్నా పోయినారా?" అని అడిగింది అందులో ఒకామె.

"లేదమ్మా, తాంబూలాలు" అన్నాడు నాయన కళ్ళు తుడుచుకుంటూ.

"ఇంతేడస్తా ఇచ్చేదానికి పిల్లను ఇంట్లోనే పెట్టుకోవచ్చు గదా!" అంది ఆమె. ఆటో కదిలింది. నా పెళ్ళి కూడా ఆ ఆటోతో పాటే వెళ్ళిపోతున్నట్టు అనిపించింది. సంగంలోని ఆ మాగాణి నా కళ్ళ ముందు పచ్చగా ఊగింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది, కానీ అందరూ ఏడుస్తూనే ఉన్నారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, "ఎవురు చేసిన పని ఇది?" అంది. అందరూ నా వైపు చూశారు. పాజిటివూ నెగటివూ చెప్పాను. లోపలిది కాపాడాలంటే ఒకటి, లోపలిది బయటికి రాకూడదంటే ఇంకొకటి అన్నాను.

"అంటే గొర్రెలుండే దొడ్డికి దడి కడతాం, తోడేలు రాకుండా. అట్టాంటిదేనా మొదటిది?"

"అట్టాంటిదే అవ్వా."

"మరి నీ దొడ్లో ఉండేది గొర్రెనా, తోడేలా?"

కంపెనీలో అన్ని ట్రైనింగులు ఇచ్చారు గానీ, ఆ ప్రశ్న ఒక్కటీ ఎవరూ అడగలేదు.

"అవ్వా, రాహుకాలం వచ్చేస్తా ఉండాది" అన్నాడు అయ్యవారు గద్గద స్వరంతో. అవ్వ కొంగు చివర గాల్లోకి ఎత్తి, అది ఎటు ఎగురుతోందో చూసింది. "ఈ పక్క నుంచి కొడతా ఉండాది గాలి. ఆ కారం మన మీదికి రాదు. ఇట్టొచ్చి నిలబడండి. ఇదే ఆఖరు. ఇంకొక్క తుమ్ము వినబడితే బండెక్కేస్తాం."

మూసి ఉన్న సైకిల్ షాపు ముందు, నడి వీధిలో, అమ్మ లోపలి నుంచి తెచ్చిచ్చిన రెండు తట్టలూ లేచాయి. ఎవరూ ఊపిరి కూడా తీయడం లేదు. అయ్యవారు మంత్రం అందుకున్నాడు. తట్టలు దగ్గరవుతున్నాయి. అప్పుడు నా ముక్కులో దురద మొదలైంది. పళ్ళు బిగించాను. కళ్ళు మూశాను. నాకు తెలిసిన దేవుళ్ళందరినీ పేరు పేరునా పిలిచాను.

తుమ్మాను. ఒక్కటే. ఒంటి తుమ్ము. మా వీధి చివరి ఇంటి దాకా వినబడింది.

తట్టలు గాల్లోనే ఆగిపోయాయి. అవ్వ మెల్లగా నా వైపు తిరిగింది. అప్పుడు సుధాకర్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, ఆకాశం వైపు చూసి, "హాచ్చి!" అన్నాడు. తుమ్మడం కాదండీ, అన్నాడు. బడిలో పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. అది దొంగ తుమ్మని ఆ వీధిలో కుక్కలకు కూడా అర్థమై ఉంటుంది.

అవ్వ మనవడి మొహంలోకి చాలాసేపు చూసింది.

"జోడీ తుమ్ము. మంచిదే. మార్చుకోండి" అంది.

పెళ్ళయింది. కారం గదిలో ఇప్పుడు గాలి బయటికి లాగుతుంది, కారం పట్టే పెద్ద గుడ్డ సంచీలోకి. ఇన్‌స్పెక్టర్ చూసి సంతోషంగానే వెళ్ళాడు. తుమ్మలేదు. కాబట్టి పాఠకులారా, మా ఇంటి గ్యాస్ పొయ్యి మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. లోపలున్నది గొర్రో తోడేలో అడిగి తెలుసుకోకుండా ఈ జన్మలో ఏ గదికీ ఫ్యాను పెట్టను, పెట్టించను, పెడుతున్న వాళ్ళ దారిన పోను.

ఈ మధ్య అవ్వ కాళ్ళకు నూనె రాస్తూ ధైర్యం చేసి అడిగాను. "అవ్వా, ఆ రోజు ఆయన తుమ్మింది దొంగ తుమ్మని నీకు తెలీదా?"

"తెలీకేం? నీకోసం వీధిలో నిలబడి దొంగ తుమ్ము తుమ్మినోడు, ఆ మాగాణి కోసం తుమ్ముతాడా? ఇంక నేనడ్డం పడి ఏం లాభం?" అంది. ఇంకో కాలు నా వైపు చాపి, "అదీగాక నీ అట్టాంటి దాన్ని బయట ఒదిలిపెడితే ఊళ్ళకే ప్రమాదం. మా ఇంట్లో పెట్టుకునేదే మేలనుకున్నా" అంది.

అవ్వ నాకు పెట్టింది పాజిటివో నెగటివో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు.