గోవిందమ్మత్త వాకిట్లో గడ

కొత్త లుంగీని బకెట్లో నానబెట్టి పది నిమిషాలు కాలేదు, నీళ్ళు ఎర్రబడ్డాయి. వేలూరులో నేనుండే అద్దె గదిలో గంజి వాసన, పచ్చి రంగు వాసన కలిసి ముక్కుకు కొట్టాయి. ఆ వాసన తగిలితే చాలు, నాకు పక్కనే ఉన్న నేతగాళ్ళ ఊరు గుడియాత్తం, అక్కడి గోవిందమ్మత్త గుర్తుకొస్తుంది. ఈ రోజు మరీ ఎక్కువగా గుర్తొచ్చింది. పొద్దున ఎవరో ఫోన్ చేసి, తన క్రిప్టో ప్రాజెక్టు ముప్పాతిక వంతు అయిందనీ, ప్రచారం ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎలా చెయ్యాలో చెప్పమనీ అడిగాడు. నా పేరు ఎవరో చెప్పారట. ఆ చెప్పినవాడికి నా నిర్వాకం తెలియదు కాబోలు!

గోవిందమ్మత్త నాకు చుట్టం కాదు. మా వీధికంతా అత్తే. భర్త పోయాక పన్నెండు మగ్గాలకు నూలిచ్చి కైలీలు, అంటే రంగుల లుంగీలు, నేయించేది. డిగ్రీ అయ్యి ఉద్యోగం దొరక్క తిరుగుతున్న నన్ను పిలిచి పనిచ్చింది. ఆమె మాట్లాడేది తెలుగు, బేరాలాడేది అరవం, చదవడం రెండింట్లోనూ రాదు. కానీ గుడ్డను చదివేది. కొత్త రంగు వేసిన ప్రతిసారీ మగ్గం మీది మొదటి జానెడు కోయించి, ఉప్పునీళ్ళలో తడిపి, తెల్లగుడ్డ మీద వేసి రుద్దేది. ఎండబెట్టి మళ్ళీ తడిపేది. అలా మూడుసార్లు. తెల్లగుడ్డ తెల్లగానే ఉంటే ఆ ముక్కను వాకిట్లో వెదురుగడకు కట్టేది. గడ మీద గుడ్డ ఉందంటే అత్త తడిపి చూసిందని అర్థం. వ్యాపారులు ఇంకేమీ అడిగేవాళ్ళు కాదు, గడ చూసి ఆర్డరు చెప్పి పోయేవాళ్ళు.

ఒకసారి వేలూరు వ్యాపారి ఒకాయన మగ్గం మీద సగం నేసిన కైలీ చూసి ముచ్చటపడ్డాడు. ఇప్పుడే అడ్వాన్సు ఇస్తానన్నాడు.

"మగ్గం మీద ఉండేది ఇంకా నూలే అప్పా. తడిపినాక రా" అంది అత్త.

ఆయన విసుక్కుని లేచిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. "వచ్చిన బేరాన్ని చేతులారా పంపించేస్తివే అత్తా!" అన్నాను.

"పోతే పోనీలేరా. రేపు కట్టుకున్నోడి తొడలకు రంగంటుకుంటే వాడు తిట్టేది ఆ యాపారిని గాదు, నన్ను. నాకెందుకొచ్చిన తిట్లు?" అని నవ్వింది. ముసలమ్మ చాదస్తం అనుకున్నాను. మూడేళ్ళు ఆమె దగ్గర పనిచేసి నేను నేర్చుకున్నది అంతే.

తర్వాత వేలూరులో చదువుకున్న నా స్నేహితుడు ప్రభు ఒక క్రిప్టో కాయిన్ తయారు చేయడం మొదలుపెట్టాడు. నేత పనివాళ్ళ కోసం. దానికి తరి కాయిన్ అని పేరు పెట్టింది నేనే. తరి అంటే అరవంలో మగ్గం. ఫోన్లో కొనుక్కోవచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్ముకోవచ్చు అనేది మా మాట. కొనే బటన్ పనిచేసేది. అమ్మే బటన్ నొక్కితే తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉండేది, ఇంకేమీ జరిగేది కాదు.

"ఇంకో ఆర్నెల్లు ఆగుదాం దయా. అమ్మేది కుదిరినాక జనానికి చెబుదాం" అన్నాడు ప్రభు.

"ఆర్నెల్లాగితే ఇంకొకడు ముందొస్తాడు. ముందు జనాన్ని తెద్దాం, పని వెనకాల చేసుకోవచ్చు" అన్నాను నేను. ఎంత తెలివిగా చెప్పానో! పని పూర్తి చేయడానికి దాచిన డబ్బుతో బ్యానర్లు కొట్టించాను. ఆటోకు మైకు కట్టించి కే.వి.కుప్పం దాకా తిప్పాను. ఎవరూ రాలేదు. మగ్గం గుంతలో కూర్చుని నేసేవాళ్ళకు మైకు మాట ఎందుకు నమ్మకం?

అదే వారం అత్త కోడల్ని తోడు తీసుకుని రెండు కళ్ళ ఆపరేషన్‌కు వేలూరు పోయింది. వాకిలి తాళం నా చేతికిచ్చి, "రెండు కళ్ళూ బాగయ్యేదాకా అక్కడే ఉంటా, ఇల్లు చూసుకో నాయనా" అని చెప్పి బస్సెక్కింది. మరుసటి రోజు పొద్దున నేను తరి కాయిన్ బ్యానరు తీసుకుపోయి ఆ గడకు కట్టాను. తెలిసే కట్టాను. ఎవరికి ఏమర్థమవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

సాయంత్రానికి అత్త తిన్నె మీద పాతికమంది కూర్చున్నారు. చెంగల్రాయన్న అని, అత్త దగ్గరే ఇరవై ఏళ్ళుగా నేస్తున్న మనిషి, బ్యానరు వైపు చాలాసేపు చూశాడు. కొత్త మగ్గం కోసం కూడబెట్టుకుంటున్నాడు.

"అత్త చూసిందా దీన్ని?" అని అడిగాడు.

"గడ మీద ఉండాది గదన్నా" అన్నాను.

నోటితో అబద్ధం ఆడలేదని ఆ రాత్రి నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. ఛీ! చెంగల్రాయన్న ముందుగా తన డబ్బు పెట్టాడు, ఆయన్ను చూసి మిగతావాళ్ళు పెట్టారు.

నెలన్నర తిరక్కుండానే ఒకరికి డబ్బు అవసరమైంది. అమ్మే బటన్ నొక్కారు. చక్రం తిరిగింది. ఇంకొకరు నొక్కారు. ప్రభు రాత్రింబగళ్ళు కూర్చున్నా లాభం లేకపోయింది. సాయానికి పని తెలిసిన మనుషులను పెట్టుకుందామంటే ఆ డబ్బంతా నేను మైకులకూ బ్యానర్లకూ తగలేశాను. జనం పెట్టిన డబ్బు కూడా ప్రచారానికే పోయింది. ఒకరోజు యాప్ తెరుచుకోవడమే మానేసింది.

చెంగల్రాయన్న నా దగ్గరికి రాలేదు, అత్త దగ్గరికి పోయాడు. ముందురోజు రాత్రే వేలూరు నుంచి తిరిగొచ్చిన ఆమె, రెండో కంటికి పచ్చగుడ్డ కట్టుకుని తిన్నె మీద కూర్చునుంది. నేను పక్కనే ఉన్నాను.

"నువ్వు తడిపినావనే గదా అత్తా పెట్టినా" అన్నాడాయన. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే బాగుండేది.

అత్తకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వైపు తిరగలేదు. లోపలికి పోయి కత్తెర తెచ్చి, తడుముకుంటూ బ్యానరు కోసేసింది. కోడల్ని పిలిచి గడ పీకించింది. మళ్ళీ ఎన్నడూ నాటలేదు. "అది అబద్ధం చెప్పింది గదా, ఇంక దాన్ని ఎవురు నమ్మేది?" అనేదట అడిగినవాళ్ళతో. గడ లేని వాకిటికి వ్యాపారులు రావడం తగ్గించారు. మగ్గాలు ఒక్కొక్కటే ఇంకొకరి నూలుకు మారిపోయాయి. చెంగల్రాయన్న కాపలా పనికి చెప్పుల ఫ్యాక్టరీకి పోయాడు.

ఏడాది దాటాక ధైర్యం చేసి పోయాను. అత్త మగ్గాలు నడిపే వేరే మేస్త్రీకి కూలికి నూలు కండెలు చుడుతోంది. రాట్నం ఆపకుండానే "రా, కూచో" అంది.

"దయా, ఒకటి అడగతా. ఆ అమ్మే బటన్ పని చెయ్యదని, గడకు కట్టేటప్పుడు నీకు తెలుసా?"

ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను. అదంతా ఎటుపోయిందో. "తెలుసు అత్తా" అన్నాను.

రాట్నం ఆగింది. "ఓహో" అంది. కాసేపటికి, "తెలీక కట్టినాడులే, చిన్నోడు, అని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకుంటా వచ్చినా" అంది. మళ్ళీ రాట్నం తిప్పసాగింది. పోయేటప్పుడు కాఫీ ఇచ్చింది. తాగాను. పోయిన వానాకాలంలో ఆమె పోయింది. నేను పాడె దగ్గరికి పోలేక వీధి చివరే నిలబడ్డాను.

ఆ రోజు తెలియదని చెప్పి ఉంటే ఆమెకు ఆ ఒక్క ఊరటైనా మిగిలేది. నిజం చెప్పి అది కూడా తీసేసుకున్నాను. ఆమె దగ్గర మొదటిసారి నిజం చెప్పింది అప్పుడే, అప్పటికి దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఇది మంచి పనో చెడ్డ పనో నాకిప్పటికీ తేలలేదు.

పొద్దున ఫోన్ చేసినాయనను ఒక్కటే అడిగాను. "మీ దాంట్లో అమ్మే బటన్ పనిచేస్తుందా?" "అది తర్వాత చూసుకుంటామండీ, ముందు జనం రావాలి గదా" అన్నాడు. అచ్చం నా గొంతే. వద్దయ్యా అని, అత్త గురించి చెప్పబోయాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. ఇంకొకరిని వెతుక్కుంటాడు, దొరుకుతారు కూడా.

బకెట్లో నీళ్ళు పారబోసి లుంగీని మళ్ళీ రెండుసార్లు నానబెట్టాను. మూడోసారి కూడా నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. దీన్ని ఎవరో తడపకుండానే అమ్మారు.